బొగ్గు బస్సు, మొగ్గల జడ

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళు రాలిపోవాలని ఒట్టు. పళ్ళు ఎప్పుడో రాలిపోయినాయి గదా అంటారేమో, అవి వేరే ఒట్టుకు రాలినవి. ఈ కథ మాత్రం పెనుకొండ కొండంత నిజం. ఎక్కడైనా కాస్త ఎక్కువ చెప్పినట్టనిపిస్తే అది కథ తప్పు కాదు. ఆ కాలమే అట్లా ఎక్కువగా ఉండేది. ఎండలు ఎక్కువ, ఆకలి ఎక్కువ, మనుషుల గొంతులు మరీ ఎక్కువ.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఉన్న పెట్రోలంతా విమానాలే తాగేస్తున్నాయి. ధర్మవరం నుంచి కొత్తచెరువు, పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బస్సుకు బొగ్గే దిక్కయింది. బస్సు వెనక గున్నేనుగంత ఇనుప డ్రమ్ము. అందులో బొగ్గు పోసి, నిప్పు పెట్టి, పక్కనున్న గాలిచక్రాన్ని చేత్తో తిప్పితే, బొగ్గులోంచి పుట్టిన గ్యాసు గొట్టంలోంచి ఇంజనుకు పోయేది. ఆ చక్రం తిప్పడమంటే మాటలు కాదు. తిప్పినవాడికి పొద్దున తిన్న సంగటి, నిన్న తిన్న సంగటి, పోయిన ఉగాదికి తిన్న ఓళిగలు కూడా అరిగిపోయేవి.

బస్సు నడిపేది నారాయణ. బొగ్గు చూసుకునేది అతని తమ్ముడు ఆదెప్ప. ఆదెప్ప ఎంత ఎత్తంటే ధర్మవరంలో నిలబడి చెయ్యి చాపితే పెనుకొండ కోటలో సీతాఫలం అందేది. చేతులా, రోకళ్ళా అనిపించేవి. మసికి మనిషంతా నల్లగా మెరుస్తుండేవాడు. చీకట్లో నవ్వితే పళ్ళు మాత్రం నడిచి వస్తున్నట్టుండేది.

ఆ రోకళ్ళలాంటి చేతులకు ఇష్టమైన పని మొగ్గల జడ కుట్టడం.

అరటి పట్టను జడ కొలతకు కోసుకుని, మల్లెమొగ్గల్ని వరసలు వరసలుగా సూదితో కుట్టి, నడుమ కనకాంబరాలు, అంచుకు మరువం. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. మగపిల్లోడివి, నీకెందుకురా ఇది అని ఎవరైనా చెప్పేలోపలే పని చేతికి వచ్చేసింది. తర్వాత చాలామందే చెప్పినారు, కానీ అప్పటికి ఆలస్యమైంది. బొగ్గు పని కాగానే చింతపండు పెట్టి చేతులు తోముకునేవాడు. తోమి తోమి అరచేతులు తెల్లగా, మిగతా మనిషి నల్లగా, మద్దెలలాగా తేలేవాడు. మొగ్గ మీద ఒక్క మసి చుక్క పడనిచ్చేవాడు కాదు.

పొద్దున్నే డ్రమ్ముకు నిప్పు పెట్టి చక్రం తిప్పేది కూడా ఆదెప్పేనని ఊరంతా అనుకునేది. నిజానికి తిప్పేది నారాయణ కూతురు ఈశ్వరి. తెల్లారకముందే చిన్నాయన వెనకాలే షెడ్డుకు వచ్చేది. ఆయన మెట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకునేవాడు. ఈ పిల్ల బూడిద దులిపి, గొట్టాలు విప్పి ఊది మళ్ళీ బిగించి, చక్రం పట్టుకునేది. ఇంజను అందుకున్నాక ఖాళీ బస్సును షెడ్డులో ముందుకూ వెనక్కీ నడిపి చూసేది కూడా తనే.

"చిన్నాయనా, నిప్పు అందుకుండాది. శబ్దం మారింది, వింటాండావా?"

"నాకేం తెలుస్తాదమ్మా, నువ్వే విను. ఈ వరస అయ్యేదాకా నన్ను మాట్లాడించద్దు."

జనం రావడం మొదలయ్యేసరికి ఆ పిల్ల చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, బిందె చంకనెత్తుకుని ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయేది. నారాయణకు ఇదంతా తెలుసు. నలుగురి కంట పడకుంటే చాలనేవాడు. బస్సు బాగా నడుస్తోంది, తమ్ముడు బాగా కుడుతున్నాడు, కూతురు బాగా నవ్వుతోంది. ఇంక అతనికి కావలసిందేముంది?

కొత్తచెరువులో ఎక్కే తిప్పన్నకు మాత్రం రోజూ ఆదెప్పను ఒక మాట అనకుంటే ఆ పొద్దు ఒక్కపొద్దున్నట్టే ఉండేది.

"ఏమబ్బా ఆదెప్పా, ఇంత మీసం పెట్టుకోని పూలు కుడతాండావే, గాజులు గూడా తెచ్చిచ్చేదా?"

"వద్దు తిప్పన్నా. బొగ్గు ఎత్తేటప్పుడు అడ్డమొస్తాయి."

"సిగ్గనిపించదా నీకు?"

"దాన్ని యాడ వెతికేదప్పా? చేతులు రెండూ పనిలో ఉండాయి."

బస్సంతా నవ్వేది. అందరికంటే గట్టిగా ఆదెప్పే నవ్వేవాడు. ఇదే తిప్పన్న తన కూతురి సీమంతానికి జడ కావాలని వచ్చిన రోజు, గాజుల మాట ఎత్తకుండా తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఇక ఆదెప్ప జడకు ఒక గుణముండేది. పెట్టుకున్న మనిషి మనసు నిండితేగానీ మొగ్గ విచ్చుకునేది కాదు. చౌడక్క జడ వారం రోజులు మొగ్గలుగానే ఉండి, వాళ్ళత్త తలుపుల అనే ఊరికి పోయే బండెక్కి, ఆ బండి మలుపు తిరిగిందో లేదో, పేలాల్లాగా టపటపా విచ్చుకుంది. ఈరక్క జడ మొగుడు చీర తెచ్చిననాడు విచ్చుకోలేదు, బావిలో పడిన చెంబు దొరికిననాడు విచ్చుకుంది. కొందరు తోడు పెట్టిన పెరుగు తియ్యగా ఉంటుంది, కొందరు పెట్టిన గుమ్మడిపాదు ఇంటిమీదికెక్కి పక్కింటికి కూడా కాస్తుంది. ఆదెప్ప కుట్టిన మొగ్గ ఇట్లా. అంతే. దాని గురించి ఆశ్చర్యపోయేంత తీరిక ఎవరికీ లేదు.

అయితే ఈ సంగతి ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఆడవాళ్ళకే తెలుసు. మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళు అడగలేదు గనక. మొగ్గ విచ్చుకోకుంటే వాళ్ళు ఎండదెబ్బ అనుకునేవాళ్ళు, తోటను తిట్టేవాళ్ళు. మగవాళ్ళలో తెలిసింది ఆదెప్ప ఒక్కడికే. అతను నోరు విప్పేవాడు కాదు. తల వెనక పెట్టుకున్నది వాళ్ళ సొంతం, మనకెందుకు అనేవాడు.

ఇట్లా ఉండగా ఈశ్వరికి సంబంధం వచ్చింది. హిందూపురంలో చింతపండు వ్యాపారం చేసే ఇల్లు. పిల్లోడు కుళ్ళాయప్ప. నెమ్మదస్తుడు. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం. అతన్ని పెంచింది వాళ్ళవ్వ లక్ష్మీదేవమ్మ. ఆ ఇంట్లో ఆమె మాట దాటి గడియారం కూడా గంట కొట్టేది కాదు.

నిశ్చితార్థానికి ఆదెప్ప కుట్టిన జడ చూసి ధర్మవరంలో మగ్గాలు ఆగిపోయినాయి. అంత అందం. కానీ ఒక్క మొగ్గ విచ్చుకోలేదు. తాంబూలాలు మార్చుకున్నారు, విచ్చుకోలేదు. కుళ్ళాయప్ప ఓరగా చూసి తలొంచుకున్నాడు, అప్పుడూ విచ్చుకోలేదు. లక్ష్మీదేవమ్మ ఆ జడను అరచేతిలోకెత్తి, చింతపండు తూకం చూసినట్టు చూసి, మెల్లగా వదిలేసింది.

"ఒరే ఆదీ, ఈ తోట మొగ్గలు మంచివి కావురా," అన్నాడు నారాయణ. "పెండ్లికి బత్తలపల్లి తోటవి తెప్పించు."

"సరేన్నా," అన్నాడు ఆదెప్ప.

మర్నాడు పొద్దున షెడ్డులో, సూది పక్కన పెట్టి అడిగాడు. "పిల్లోడు నచ్చలేదా తల్లీ?"

"పిల్లోడికేం చిన్నాయనా, బాగుండాడు. పలకరిస్తే తలొంచుకుంటాడు, పాపం."

"మరి?"

ఈశ్వరి చక్రం తిప్పడం ఆపలేదు. "ఆ ఇంట్లో బస్సు లేదు గదా," అని, తన మాటకు తనే నవ్వింది. "నగ కావాలంటే అడగొచ్చు, చీర కావాలంటే అడగొచ్చు. బస్సు లేకుంటే తోచదని అత్తగారింట్లో ఎవరైనా చెప్తారా? పిచ్చిదనుకుంటారు."

ఆదెప్ప నవ్వలేదు. తన చేతిలోంచి సూది ఎవరైనా లాక్కుని, ఇంక ముట్టొద్దంటే ఎట్లుంటుందో ఊహించుకున్నాడు. ఆ పూట సంగటి సగమే తిన్నాడు. అంటే నలుగురు తినేంత తిన్నాడనుకోండి.

ఇంటికి పోయి మొగ్గలు విచ్చుకోని సంగతి వదినతో అన్నాడు. గంగులమ్మ బియ్యం చెరుగుతోంది.

"పెండ్లయినాక ఇచ్చుకుంటాయిలే ఆదెప్పా. మావి ఇచ్చుకోలేదా?"

"ఇచ్చుకున్నాయా వదినా?"

గంగులమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

అన్నతో చెబుదామని ఆదెప్ప చాలాసార్లు నోరు తెరిచాడు. ఊరంతా ఎగతాళి చేసినా తుమ్మెద వాలినంత కూడా లెక్కచేయని మనిషికి, అన్న ముందర మాత్రం నాలుక మడత పడేది. ఆడవాళ్ళు దాచుకున్న సంగతి. తాను బయట పెట్టొచ్చా? పెడితే, ఇంక ఎవరైనా తన చేత జడ కుట్టించుకుంటారా? ఆ భయం ఒకటి. పెండ్లి దగ్గరికొచ్చేసింది.

అక్కడ పెండ్లి మగపిల్లోడి ఇంట్లో చేసేవాళ్ళు. ఆ ఇంటి పెద్ద ఒకరు వచ్చి పెండ్లికూతుర్ని వెంటబెట్టుకుని పోవాలి. ఎవరో ఒకరిని పంపుతారనుకుంటే లక్ష్మీదేవమ్మే వచ్చింది. దీపాలు పెట్టే వేళకు హిందూపురంలో ముహూర్తం. పెండ్లికూతురు ఎక్కే బస్సు గనక దానికీ ముస్తాబు చేయాలని గంగులమ్మ, ఆమె చెల్లెళ్ళు తీర్మానించారు. ఇంటి ఆవుకు చేసినట్టే చేశారు. చక్రాలకు పసుపు, ముందర అద్దానికి కుంకుమ. డ్రమ్మేమో బస్సుకు తలకాయ అనుకున్నారు. నిప్పు ఉండేది అక్కడే, పొగ వచ్చేది అక్కడే గదా. దాని మెడ చుట్టూ బంతిపూల దండలు బిగించి బిగించి కట్టి, మిగిలిన దండను కనబడిన రంధ్రంలోకి అందంగా తోశారు. ఆ సమయానికి ఆదెప్ప లోపల ఈశ్వరికి జడ కడుతున్నాడు. చూసి ఉంటే గుండె ఆగేది.

నలుగు పెట్టిన పిల్ల పెండ్లయ్యేదాకా బొగ్గు ముట్టకూడదు. అందుకని ఈశ్వరిని డ్రమ్ముకు అన్నిటికంటే దూరంగా, ముందు సీట్లో కూర్చోబెట్టారు. బత్తలపల్లి మొగ్గలు. గట్టిగా, మూసిన పిడికిళ్ళలాగా ఉన్నాయి.

కొత్తచెరువు దాటేదాకా బస్సు దగ్గింది. పెనుకొండ ఇంకా కొంత దూరముందనగా, ఎగువకెక్కే దారి మధ్యలో ఒకసారి నిట్టూర్చి ఆగిపోయింది. పెండ్లివారంతా దిగి తోశారు. ఆ తోపుకు దారే వెనక్కి పోయింది గానీ బస్సు ముందుకు పోలేదు. ఎండ ఎట్లుండిందంటే బండల మీద బల్లులు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాయి. ఆదెప్ప బూడిద తీశాడు, బొగ్గు పోశాడు, చక్రం తిప్పాడు. చక్రం ఏడ్చింది, ఇంజను పలకలేదు.

కిటికీలోంచి ఈశ్వరి మెల్లగా పిలిచింది. "చిన్నాయనా, నిప్పు బాగానే ఉండాది. గాలి పోయేతావ ఏందో అడ్డం పడిండాది. గొట్టం విప్పల్ల."

ఆదెప్ప నెత్తి గోక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆ గొట్టం తానెన్నడూ విప్పలేదు. విప్పేటప్పుడు ఎప్పుడూ తాను మరువం సర్దుతూ ఉండేవాడు. పైకి చూస్తే పొద్దు వాలుతోంది. కిటికీలో చూస్తే మొగ్గలు మూసుకునే ఉన్నాయి. చేతులు పంచెకు తుడుచుకుని అన్న దగ్గరికి పోయాడు.

"అన్నా, పాపను దిగనీ."

"ఏం మాట్లాడతాండావురా? నలుగు పెట్టిన పిల్ల," అని నారాయణ గొంతు తగ్గించాడు. "ఆయమ్మ ఈడనే కూర్చోని చూస్తాండాది."

లక్ష్మీదేవమ్మ దారి పక్కన బండ మీద కూర్చుని ఆకువక్క నములుతోంది.

"చూడనీ," అన్నాడు ఆదెప్ప.

"నువ్వు పూలు కుడతాంటే నేనేపొద్దైనా ఒక మాట అన్యానా? అది వేరే, ఇది వేరే."

"వేరే కాదన్నా. నేను సూది పడితే ఊరంతా నవ్వింది, నువ్వు నవ్వలా. నువ్వు నవ్వలేదు గాబట్టే నేనింత నిమ్మళంగా ఉండా. ఆ మొగ్గలుండాయే, అవి ఇచ్చుకోనిది ఎండకు కాదు, తోటకు కాదు. పెట్టుకున్నోళ్ళ మనసు నిండకుంటే నా చేతి మొగ్గ ఇచ్చుకోదు. బిడ్డకు పిల్లోడి మీద కోపం లేదు. ఈ బస్సును ఇడిసిపెట్టి పోవల్లనే దిగులు."

నారాయణ చుట్టూ చూశాడు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అటు తిరిగి, పుట్టినప్పటి నుంచి చూస్తున్న పెనుకొండ కొండను కొత్తగా చూడసాగారు.

"ఏమే, నీకు తెలుసునా ఇది?"

"తెలుసు," అంది గంగులమ్మ కొండతో.

"చెప్పలేదే?"

"అడగలేదే నువ్వు."

నారాయణ బస్సెక్కి కూతురి వెనక నిలబడ్డాడు. ఆ జడను ఎన్నిసార్లు చూశాడో, ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఒక మొగ్గను వేలితో ముట్టుకున్నాడు. వడ్లగింజలాగా గట్టిగా ఉంది.

"దిగమ్మా," అన్నాడు.

ఈశ్వరి దిగింది. పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపింది, గాజులు మోచేతికి నెట్టింది, గొట్టం మర విప్పి చెయ్యి లోపలికి పెట్టి లాగింది. బంతిపూల దండ వచ్చింది. ఇంకా లాగింది, ఇంకా వచ్చింది. మూరలు మూరలుగా వస్తూనే ఉంది. ఆ దండతో ఇంకో రెండు పెండ్లిళ్ళు చేసి, మిగిలింది దేవుడి రథానికి కట్టొచ్చు. గంగులమ్మ చెల్లెళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. గొట్టం బిగించి, మోచేతుల దాకా మసితో, ఈశ్వరి చక్రం పట్టుకుంది. తిప్పింది. డ్రమ్ము గుర్రుమంది.

ఆమె మెడ దగ్గర మొదటి మొగ్గ టప్పుమంది.

తర్వాత దాని పక్కది. తర్వాత వరస. తర్వాత ఏ వరసో తెలియలేదు, వడగళ్ళ వానే. కుచ్చుల దాకా విచ్చుకునేసరికి ఇంజను మోగిపోతోంది. ఆ వాసనకు పెనుకొండలో పసిపిల్లలు నిద్రలో నవ్వారు. సోమందేపల్లిలో జనం ఆకులు వేసుకుని భోజనానికి కూర్చున్నారు, ఎవరి పెండ్లో తెలియకుండానే.

అందరూ లక్ష్మీదేవమ్మ వైపే చూస్తున్నారు. ఆమె ఆకువక్క ఉమ్మేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, నింపాదిగా వచ్చి జడను అరచేతిలోకెత్తింది.

"ఏమప్పా నారాయణా, నిశ్చితార్థం నాడే నేను చూస్తిని. మా కుళ్ళాయి మీద మనసు లేదేమో, దోవలో పిల్లనడిగి, లేదంటే ఈడినుంచే ఎనక్కి పంపిద్దామని నేనే బయల్దేరి వస్తిని. ఇంతేనా సంగతి?"

"ఇంతేనవ్వా," అంది ఈశ్వరి, నల్ల చేతులు వెనక్కి దాచుకుంటూ.

"దాచుకున్యావు గానీ వీపంతా అంటించుకున్యావు. పో, ఆ ముందర తోలే సీట్లో కూర్చో. పూలు యాడ బాగుంటే ఆడ కూర్చోవల్ల పెండ్లికూతురు. నువ్వు పక్కకు జరుగు నారాయణా."

"అమ్మా, బస్సును ఆడపిల్ల..."

"నేను ఎద్దులబండి తోలలేదా? దీనికి కొమ్ములు గూడా లేవు."

హిందూపురం పొలిమేరలో మేళంతో ఎదురొచ్చినవాళ్ళు, పెండ్లికూతురే బస్సు తోలుకుని రావడం చూసి సన్నాయి నోట్లోనే మరిచిపోయారు. బాసికం కట్టుకున్న కుళ్ళాయప్ప ఆమెను చూశాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు, ఈసారి తలొంచుకోలేదు. తర్వాత మెల్లగా ఆమె వెనక్కి పోయి, జడ ముందర వంగాడు. అందరూ మసి చూస్తున్నాడనుకున్నారు.

"ఇది ఎవరు కుట్టింది?" అన్నాడు, ఎవరికీ వినబడదనుకుని.

"నేనే అప్పా," అన్నాడు ఆదెప్ప.

"ఈ నడిమి వరసలో కనకాంబరం తిరగబడి వచ్చిండాదే, సూదిని ఎట్లా తిప్పినారు? నేను ఎన్నిసార్లు చేసినా పట్ట చీలిపోతాది."

ఆదెప్ప బతుకులో ఒక మగవాడు అతన్ని ఆ మాట అడగడం అదే మొదలు. పెద్ద మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. మసి పడిందన్నాడు. "కూర్చో నాయనా, చెప్తా," అని అక్కడే బస్సు మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు వచ్చి పెండ్లికొడుకును రెక్క పట్టుకుని లేపాల్సొచ్చింది.

కుళ్ళాయప్ప బాగానే నేర్చుకున్నాడు. అయితే అతను కుట్టిన మొగ్గలు ఉత్త మొగ్గలే. అందరి మొగ్గల్లాగా సాయంత్రానికి విచ్చుకుని పొద్దునకు వాడిపోయేవి. దానికతను చింతపడలేదు. యుద్ధం అయిపోయి పెట్రోలు వచ్చాక చింతపండు బస్తాలకు ఒక లారీ కొన్నారు. దాన్ని ఎవరు తోలేవాళ్ళో హిందూపురం బజారులో ఏ ఎద్దునడిగినా చెప్పేది, పక్కకు తప్పుకునేది కూడా.

ఆదెప్పకు జడ పని తగ్గుతుందేమోనని భయముండెనే, ఆ పని రెండింతలైంది. ఆ దారిలో మగవాళ్ళు కూడా తెలివి తెచ్చుకుని, తాంబూలాలకు ముందే అతని చేత జడ కుట్టించి, ఆడపిల్లకు పెట్టి చూసి, ఆ తర్వాతే మాట ఇవ్వడం నేర్చుకున్నారు.

అదీ జరిగిన సంగతి. ఇంక తెరిచిన నోరు మూసుకుని లే. మీ తాత పెరట్లో కనకాంబరాల కాడ కూర్చోనుంటాడు, సంగటి చల్లారిపోతాందని చెప్పి పిల్చుకురా. కుట్టేది అయినాక వస్తానంటే నమ్మొద్దు, చెయ్యి పట్టుకుని లాక్కురా. పోతా పోతా ఆ గూట్లో ఉండే స్పానరు నాకిచ్చి పో. పెద్దది కాదు, నడిమిది.